సంతకము సరియే; తాళపుచెవి యెవరిది?

2016వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన లినక్స్ మింటు అను ఆపరేటింగ్ సిస్టమును తమ కంప్యూటరులలో నెలకొల్పుకొనదలచి దాని వెబ్‌సైటునకు పోయినవారిలో కొందఱు మింటునకు మాఱుగా మింటువలె గన్పట్టు మఱియొకదానిని తెచ్చుకొనిరి. ఎవడో ఆ సైటులో చొరబడి, సినమన్ అను పేరుగల 17.3వ కూర్పునకు పోవు లంకెను బల్గేరియాదేశములోని వేఱొక సర్వరునకు త్రిప్పివైచెను. అచ్చట నుంచిన ఫైలు చూచుటకు మింటే, పనిచేయుటకును మింటే. కాని దానిలో సునామీ యను దొడ్డిదారి యొకటి అమర్చబడియుండెను. దానిని నెలకొల్పుకొన్న గృహస్థుని కంప్యూటరు అతని కెఱుక లేకుండ పరుల యాజ్ఞలకు లోబడి వర్తించుటకు సిద్ధముగా నుండును. మఱునాడు మింటునకు పెద్దయగు క్లెమెంట్ లెఫెవ్ర్ జరిగినదంతయు దాపఱికము లేక ప్రకటించెను. ఆ ప్రవర్తనమును మెచ్చుకొనవలసినదే. ఇట్టి సమయములందు నెలలతరబడి మౌనము వహించిన పెద్ద కంపెనీలను లోకము చూచియున్నది.

ఈ యుదంతములో మఱియొక సంగతి మిక్కిలి గమనింపదగినది. ఫైలుతోపాటు దానిని సరిచూచుకొనుటకు ఒక సంఖ్యయు ఆ సైటులోనే ప్రకటింపబడియుండెను. చొరబడినవాడు తాను ఆ సంఖ్యనుగూడ మార్చివైచితినని తరువాత నొక వార్తాసంస్థతో చెప్పుకొని, అసలు వానిని సరిచూచువా రెవరని యెకసక్కెమాడెను. వాని దుండగమును గర్హింపవలసినదే యైనను, ఆ ప్రశ్నకు మనలో ననేకులు చెప్పగల సమాధానము లేదు.

ఆ సంఖ్య యెట్టిదో కొంత చెప్పవలయును. ఎంత పెద్ద ఫైలునైనను ఒకానొక గణితమార్గమున నలిపి, నిర్ణీతమైన పొడవుగల చిన్న సంఖ్యగా చేయవచ్చును. దీనిని హాష్ అందురు. ఇప్పుడు విశేషముగా వాడుకలోనున్న షా-256 అను పద్ధతిచే వచ్చు సంఖ్య 64 గుర్తులతో వ్రాయబడును. ఫైలులో నొక్క అక్షరము మాఱినను ఈ సంఖ్య పోలిక దెలియనంతగా మాఱిపోవును. ఫైలు దారిలో చెడినదా, సగమే దిగినదా యని తెలిసికొనుటకు ఇది చాల మంచి సాధనము. కాని చెడుట వేఱు, చెఱుపుట వేఱు. తూనికరాళ్లును సరకును ఒకే కొట్టులో నున్నప్పుడు, కొట్టులో దూరిన దొంగ సరకును మార్చిన చేతితోనే రాళ్లనుగూడ మార్చును. పైగా ఆనాడు మింటువారు ప్రకటించుచుండినది ఎం.డి.5 అను పాతపద్ధతి సంఖ్య. ఒకే ఎం.డి.5 సంఖ్య వచ్చునట్టి రెండు వేఱువేఱు ఫైళ్లను కల్పింపవచ్చునని చైనాదేశపు పండితులు 2004లోనే ఋజువు చేసియుండిరి.

సంఖ్య తీర్పలేని యీ కొఱతను తీర్చుటకు ఏర్పడినదే సంతకపు పద్ధతి. ఇచ్చట సంతకమనగా కాగితముమీది గీత గాదు. ఒకేసారి రెండు తాళపుచెవులు పుట్టింపబడును. మొదటిది యజమానునియొద్ద రహస్యముగా నుండును. సంతకము చేయుటకు అదియే కావలయును. రెండవది బహిరంగమైనది, దానిని లోకమునకెల్ల పంచిపెట్టవచ్చును. దానితో సంతకమును పరీక్షింపవచ్చును గాని, క్రొత్త సంతకమును సృష్టించుటకు వీలులేదు. బహిరంగమైనదానినుండి రహస్యమైనదానిని రాబట్టరాదా యందురేమో. ఆర్.ఎస్.ఏ. అను ప్రసిద్ధపద్ధతి నుదాహరణముగా దీసికొందము. రెండు గొప్ప ప్రధానసంఖ్యలను హెచ్చించుట యంత్రమునకు క్షణములోని పని. ఆ లబ్ధమును మాత్రమే చూపి, మూలమైన రెండు సంఖ్యలను చెప్పుమనినచో, అది 617 అంకెల సంఖ్యయైన యెడల, నేటి కంప్యూటరులన్నియు గూడినను చెప్పజాలవు. ఈ యసాధ్యతయే సంతకమునకు బలము. ఫైలులో నొక్క అక్షరము మాఱినను పాత సంతకము దానికి పొసగదు. క్రొత్త సంతకము చేయుటకు దొంగయొద్ద రహస్యపు తాళపుచెవి లేదు. సైటును పూర్తిగా స్వాధీనము చేసికొన్నను, ఆ తాళపుచెవి సైటులో లేనంతకాలము వానికి అది దొరకదు.

ఈ విద్య పుట్టి పెరిగిన విధము స్వాతంత్ర్యప్రియులకు తెలియదగినది. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనువారు జంటతాళపుచెవుల తత్త్వమును లోకమునకు వెల్లడించిరి. మఱుసటియేట మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు పైన చెప్పిన ఆర్.ఎస్.ఏ. పద్ధతిని కనుగొనిరి. వారికి ముందే, 1970, 1973 సంవత్సరములలో, బ్రిటిషు ప్రభుత్వపు గూఢలిపిశాఖలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ అను నుద్యోగులు ఇట్టి తత్త్వమునే యూహించియుండిరి. ప్రభుత్వము దానిని 1997వఱకు బయటపెట్టలేదు. 1991లో అమెరికాలో ఫిలిప్ జిమర్‌మన్ అనునతడు ఈ విద్యను సామాన్యుని కంప్యూటరులో పనిచేయునట్లు పి.జి.పి. యను ప్రోగ్రాముగా వ్రాసి ఉచితముగా పంచిపెట్టెను. బలమైన గూఢలిపిని అమెరికాచట్టము అప్పుడు ఆయుధములతో సమానముగా లెక్కించుచుండెను! ఆయుధములను పరదేశములకు ఎగుమతి చేసినాడా యని అతనిపై 1993లో విచారణ మొదలయ్యెను. 1996 జనవరిలో ఏ నేరమును మోపకుండనే విడిచిపెట్టబడెను. ఈలోపల, 1995లో, ఆ ప్రోగ్రాము మూలమంతయు పుస్తకముగా అచ్చుపడినది. అచ్చుపుస్తకమును ఆయుధమనుటకు ఎంతటి ప్రభుత్వమునకైనను నోరాడదు గదా. తరువాత 1999లో జర్మనీకి చెందిన వెర్నర్ కోక్ జి.ఎన్.యు.పి.జి. అను స్వేచ్ఛాప్రోగ్రామును 1.0 కూర్పుగా వెలువరించెను. నేడు లినక్స్ లోకములో సంతకములను పరీక్షించువారిలో ననేకులు వాడునది యిదియే.

ఇంతవఱకు గణితము. దీనితో పని ముగిసినదనుకొనుటయే పెద్ద పొరపాటు. సంతకము ఫలానా తాళపుచెవితో చేయబడినదని గణితము చెప్పును. ఆ తాళపుచెవి ఫలానా మనుష్యునిదని గణితము చెప్పదు. అశోకవనములో హనుమంతుడు కనబడగానే సీత అతనిని నమ్మలేదు. రావణుడే మఱల వేషము మార్చి వచ్చినాడేమోయని శంకించినది. రాముని గుఱుతులను చెప్పుమన్నది. అవి విన్న పిమ్మటనే ఉంగరమును చేతికి దీసికొన్నది. ఆ యుంగరము ఆమెకు ప్రమాణమైనదన్నచో, అది భర్తదని ఆమె మున్నే యెఱిగియుండుటచేత. ఎన్నడును చూడనివారికి ఎవడో ఉంగరము తెచ్చి, ఇది రామునిది, నన్ను నమ్ముమనినచో నమ్ముటకు ఆధారమేమి? ఫైలును, సంతకమును, బహిరంగపు తాళపుచెవిని ఒకే సైటులో ఒకే నిముషమున దింపుకొని, పరీక్ష జరిపి, సరిపోయినదని సంతోషించువారు ఇట్టి యుంగరమును నమ్మినవారే. దొంగ తన ఫైలునకు తన తాళపుచెవితో సంతకముచేసి, తన బహిరంగపు తాళపుచెవిని ప్రక్కనే యుంచిన యెడల, పరీక్ష చక్కగా నెగ్గును.

ఈ సంగతిని పరీక్షించు ప్రోగ్రాము దాచిపెట్టదు. సంతకము సరియైనదని ఒక పంక్తిలో చెప్పి, క్రిందనే మఱియొక హెచ్చరిక వ్రాయును: ఈ తాళపుచెవిని మీరు నమ్మినవా రెవరును ధ్రువపఱచలేదు, ఇది పేరులో జెప్పబడిన యజమానునిదే యనుటకు సాక్ష్యము లేదు, అని దాని తాత్పర్యము. క్రొత్తవారు కొందఱు హెచ్చరికను జూచి బెదరి, ఫైలు చెడ్డదేమోయని పాఱవేయుదురు. తక్కినవారు మొదటి పంక్తిని జూచి తృప్తిపడి రెండవదానిని చదువరు. ఇరువురును ప్రోగ్రాము అడుగుచున్న ప్రశ్నకు బదులు చెప్పినవారు గారు.

పేరును నమ్మరాదు. తాళపుచెవిని పుట్టించునప్పుడు ఎవరైనను ఏ పేరైనను వ్రాసికొనవచ్చును. బహిరంగపు తాళపుచెవులను నిలువచేయు పాత సర్వరులు వచ్చినదెల్ల స్వీకరించుచుండెడివి. అందు దొరకుటయే ప్రమాణమనుకొనుట తగదు. తాళపుచెవి సంఖ్యలోని చివరి యెనిమిది గుర్తులనుమాత్రమే చూచుకొను అలవాటు చిరకాలము సాగినది. 2016లో లినక్స్ కర్తయగు లైనస్ టోర్వాల్డ్స్ పేరుతో, ఆ యెనిమిది గుర్తులును సరిపోవునట్లు కల్పించిన దొంగ తాళపుచెవి బయటపడినప్పుడు ఆ యలవాటు ఎంత ప్రమాదకరమో అందఱికిని తెలిసివచ్చెను. కావున చూడవలసినది పూర్తి వేలిముద్ర. తాళపుచెవికిగూడ వేలిముద్ర కలదు. చిరకాలముగా వాడుకలోనున్న తాళపుచెవులకు అది 40 గుర్తుల సంఖ్య. దస్తావేజు రిజిస్ట్రీ చేయించుకొనువాడు వేలిముద్రను ఓపికతో వేయునట్లే, ఈ 40 గుర్తులను ఓపికతో చదివి పోల్చుకొనవలయును. నాలుగు మొదటివి, నాలుగు చివరివి చూచి వదలుట పనికిరాదు.

దేనితో పోల్చవలయును? ఫైలు వచ్చిన త్రోవన గాక వేఱొక త్రోవన వచ్చినదానితో. ఇంటిలో నిదివఱకే నమ్మకముగా పనిచేయుచున్న సిస్టములోని తాళపుచెవి యొకటి. గ్రంథకర్త సభలో ప్రసంగించునప్పుడు తెరపై జూపిన వేలిముద్ర యొకటి. ఏండ్లక్రితము దింపుకొని స్నేహితుడు భద్రపఱచుకొన్నది మఱియొకటి. మూడు త్రోవలలోను ఒకే వేలిముద్ర వచ్చినచో, మూడింటిని ఏకకాలమున చెఱుపగల దొంగ అరుదు. నేడు మింటువారును హాష్‌ సంఖ్యల పట్టికకు సంతకము చేసి యుంచుచున్నారు. ఆ సంతకపు తాళపుచెవి వేలిముద్రను ప్రకటించుచున్నారు. ఆ వేలిముద్రను వారి సైటులోమాత్రమే చూచి సరిపుచ్చుకొన్నచో, ఫిబ్రవరి 20వ తేదీ నాటి స్థితికంటె మనము ఎంతో దూరము పోయినవారము గాము.

ఇట్టి చిక్కు పండితులకును తప్పలేదు. 2011 ఆగస్టులో లినక్స్ కెర్నెలు భాండారమగు కెర్నెల్.ఆర్గ్ సర్వరులలో చొరబాటు జరిగినట్లు బయటపడెను. అదివఱకు అచ్చటి పొట్లములకు సర్వరే తనంతట తాను సంతకము చేయుచుండెడిది. ఇంటి తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీసినట్టి యేర్పాటు! సర్వరు పరులపాలైనప్పుడు అట్టి సంతకమునకు విలువ యేమున్నది? అటుపిమ్మట పొట్లమును విడుదలచేయువారే తమ సొంత తాళపుచెవితో సంతకము చేయు నియమ మేర్పడినది. అయితే ఆ సొంత తాళపుచెవులు ఎవరివని నమ్ముట? ఆ యేడు అక్టోబరులో ప్రేగ్ నగరమున జరిగిన సభలో కెర్నెలు పనివారు ముఖాముఖిగా కలిసికొని, ఒకరి తాళపుచెవిని మఱియొకరు ధ్రువపఱచుకొనిరి. ప్రపంచమందలి కోట్లకొలది యంత్రములను నడపు ప్రోగ్రామునకు, తుదకు, మనుష్యులు ఒక గదిలో నిలిచి ఒకరి మొగము నొకరు చూచికొనుటయే పునాది కావలసివచ్చినది.

డెబియన్ సమాజమున ఈ యాచారము మొదటినుండియు బలముగానున్నది. 2023లో వెలువడిన వారి 12వ కూర్పులో 64,000కు పైగా పొట్లములు కలవు. అందులో చేరదలచు క్రొత్త పనివాని తాళపుచెవిని అదివఱకే సభ్యులైనవారు ధ్రువపఱచియుండవలయును. డెబియన్ సభలందు పాస్‌పోర్టు మొదలైన గుర్తింపుపత్రములను, వేలిముద్ర వ్రాసిన చీటీలను చేతబట్టుకొని ఒకరినొకరు పరీక్షించుకొనుట పరిపాటి. వారి వార్షికసభ 2023 సెప్టెంబరులో మన దేశముననే, కొచ్చినగరమున జరిగినది. మన ప్రభుత్వము 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టముచే డిజిటల్ సంతకమును గుర్తించినప్పుడు వేఱొక మార్గమును పట్టినది: సాక్ష్యము చెప్పు సంస్థలకు లైసెన్సు నిచ్చుటకు పైన నొక కంట్రోలరు కలడు. గణితము ఒకటే; సాక్ష్యము చెప్పువారు మాత్రము ఒకచోట తోటి పనివారు, మఱియొకచోట లైసెన్సు పొందిన సంస్థలు. పన్నులకును దస్తావేజులకును రెండవది తగియుండవచ్చును. కాని పదిదేశములవారు కూడి వ్రాసిన సాఫ్టువేరునకు ఏ యొక్క దేశపు లైసెన్సును ప్రమాణముగా బెట్టుకొనుట మా యభిప్రాయమున యుక్తము గాదు.

డెబియన్, ఉబుంటు మొదలైనవానిని వాడు సామాన్యుడు ప్రతిదినము ఈ పరీక్షను చేయనక్కఱలేదు. 2007నుండి డెబియన్‌లో ఆప్ట్ అను ప్రోగ్రాము అతనికొఱకు చేయుచున్నది. ప్రతి పొట్లముయొక్క హాష్ ఒక పట్టికలో నుండును, ఆ పట్టిక హాష్ మఱియొక విడుదలపత్రములో నుండును, విడుదలపత్రముమీద సంతకముండును. ఆ యొక్క సంతకముతో వేలకొలది పొట్లములన్నియు ముడిపడియుండును. కావున పొట్లము ఏ యూరి సర్వరునుండి వచ్చినను, ఏ కళాశాల ప్రతిబింబమునుండి వచ్చినను బాధ లేదు. పాత విడుదలపత్రమునే మఱల మఱల చూపి, లోపములున్న పాత పొట్లములను అంటగట్టకుండుటకు గడువుతేదీ వ్రాయు సదుపాయముగూడ కలదు. అయితే యీ గొలుసునకు మొదటి కొక్కెము మొట్టమొదట దింపుకొన్న డిస్కులోనే యున్నది. ఆ డిస్కే దొంగదైనచో దానిలోని తాళపుచెవులును దొంగవే. మన కళాశాలలలో ఒకని పెన్‌డ్రైవునుండి పదిమంది నెలకొల్పుకొను పద్ధతి వాడుకలోనున్నది; ఆ యొక్కడు పరీక్షించినాడో లేదో తక్కిన పదిమందియు నడుగుట లేదు.

మఱియొక యలవాటును గూడ ఇచ్చటనే ఖండింపవలసియున్నది. ఏదో క్రొత్త ప్రోగ్రాము కావలసివచ్చును. దాని సైటులో ఒక పంక్తి ఆజ్ఞ వ్రాసియుండును. దానిని యథాతథముగా నకలుచేసి అధికారముతో నడపుమందురు. ఆ పంక్తి ఆ సైటుననుండియే తాళపుచెవిని దెచ్చి సిస్టములోని నమ్మకపు పెట్టెలో వేయును. పాత యేర్పాటులో, ఆ పెట్టెలోబడిన తాళపుచెవి ఆ యొక్క ప్రోగ్రామునకేగాక సిస్టములోని యే పొట్లమునకైనను చెల్లుచుండెను. చిన్న గదికై వచ్చిన బాడుగదారునకు ఇంటి తాళములన్నియు నిచ్చినట్లు! ఇప్పుడు ఆ పద్ధతిని వలదని, ఏ భాండారమునకు ఆ తాళపుచెవి మాత్రమే చెల్లునట్లు కట్టుదిట్టము చేయుమని డెబియన్‌వారే చెప్పుచున్నారు. అయినను పాత పంక్తులు నేటికిని చాలచోట్ల కానవచ్చుచున్నవి.

తాళపుచెవియే దొంగిలింపబడినచో? ముద్రారాక్షసమును చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది గాదు. రాక్షసుని ముద్రిక చాణక్యుని చేతబడినది. ఆ ముద్రతో కూటలేఖ తయారైనది. ముద్ర నిజమైనదే, లేఖ అబద్ధము. మలయకేతువు ముద్రను జూచి రాక్షసుని శంకించి తన పక్షమును తానే చెఱుపుకొన్నాడు. 2008 ఆగస్టులో రెడ్ హాట్ కంపెనీవారి సర్వరులలో చొరబడినవాడు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. పొట్లములను కొన్నింటికి ఆ కంపెనీ సంతకమునే వేయించుకొనగలిగెను. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను కృత్రిమము, ఇరానుదేశపు యురేనియపు యంత్రములను చెఱచినది, తైవానులోని రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల సంతకములతోనే సంచరించెను. ఇట్టి యాపదకు విరుగుడుగా తాళపుచెవిని రద్దుపఱచు పత్రమును యజమానుడు ముందుగనే వ్రాసి వేఱొకచోట దాచుకొనవలయును. పరీక్షించువాడు తనయొద్దనున్న తాళపుచెవులు రద్దయినవేమోయని అప్పుడప్పుడు విచారించుకొనవలయును. మొదటిపని కొందఱు చేయుచున్నారు. రెండవది చేయువారు అరుదు.

తాళపుచెవి దొంగిలింపబడకయే, యజమానుడే వంచకుడైన సందర్భము 2024లో వచ్చినది. ఎక్స్.జడ్. అనునది ఫైళ్లను కుదించు చిన్న ప్రోగ్రాము. లినక్స్ యంత్రములలో దాదాపు అన్నింటను కలదు. దానిని చిరకాలము ఒంటరిగా పోషించుచుండిన లాస్సె కాలిన్‌కు తోడుగా జియా టాన్ అను పేరుతో నెవరో వచ్చి, రెండేండ్లకు పైగా నమ్మకముగా పనిచేసి, పొట్లములను విడుదలచేయు నధికారమును సంపాదించిరి. ఆ పేరుగలవారు విడుదలచేసిన 5.6.0, 5.6.1 కూర్పులలో దొడ్డిదారి యుండెను. దానిని మేల్కొల్పు తంత్రము బహిరంగ భాండారములో కానరాదు. సంతకముచేసిన పొట్లములోమాత్రమే యుండెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను పనివాడు తన యంత్రములో లాగిన్ అగుటకు అరసెకను ఆలస్యమగుచున్నదేమని త్రవ్విచూచి, మార్చి 29వ తేదీన దానిని బట్టబయలు చేసెను. అది అప్పటికి డెబియన్ స్థిరమైన కూర్పునకు చేరలేదు.

సంతకపు పరీక్ష ఈ వంచనను పట్టుకొనలేదని కొందఱు దానిని నిందించిరి. పట్టుకొనుట దాని పని గాదు. పొట్లము ఎవరిచేతినుండి వచ్చినదో చెప్పుట దాని పని. ఆ చేయి మంచిదో చెడ్డదో మూలమును చదువువారు తేల్పవలయును. వంచన బయటపడిన మొదటి దినములలో ఎక్స్.జడ్. పాత కూర్పులలో ఏది నమ్మదగినదియని లోకమంతయు నడిగినది. తన తాళపుచెవితో సంతకమైనవి తాను కట్టినవనియు, జియా టాన్ కట్టినవానిపై జియా టాన్ సంతకమే యున్నదనియు కాలిన్ ప్రకటించెను. ఏండ్లతరబడి విడుదలైన పొట్లములను రెండు కుప్పలుగా వేఱుచేయుటకు ఆ సంతకములు పనికివచ్చినవి.